ఇంటికొక చేప

మొన్న సోమవారం పొద్దున పక్కింటి అమ్మాయి గోడ మీదుగా పిలిచింది. "అంకుల్, అమ్మ లేవడం లేదు. ఒకసారి వస్తారా?" వెళ్ళాను. ఇక లేవరని గుమ్మంలో నిలబడగానే తెలిసిపోయింది. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా నిద్రలోనే వెళ్ళిపోయారు. దిండు పక్కన కళ్ళజోడు, కళ్ళజోడు పక్కన భూతద్దం. ఆ వయసులో చాలామంది దేవుడి పటం పెట్టుకునే చోట ఆవిడ భూతద్దం పెట్టుకునేవారు.

తమిళనాడు సరిహద్దు ఊరు మూకండపల్లిలో మా వీధికంతా ఆవిడ జువాలజీ మేడం. గోదావరి వైపు ఒక కాలేజీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, రిటైరయ్యాక, ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే కూతురి దగ్గరికి వచ్చేశారు. నేనూ అలాంటి ఫ్యాక్టరీలోనే లేత్ మిషన్ తిప్పి ఇంట్లో కూర్చున్నవాణ్ణి. బడి నన్ను చిన్నప్పుడే వదిలేసింది. ఆ తర్వాత పొట్లాల కాగితాలు, సెలూన్లో పాత పేపర్లు, బస్సుల వెనక రాతలు చదివి పెద్దవాణ్ణయ్యాను. పెద్దవాణ్ణి అంటే వయసులో. పొడవు సంగతి తర్వాత వస్తుంది, దానికీ ఈ కథలో పని ఉంది.

ఉద్దనపల్లి దాటాక ఉన్న పల్లెలో మా చెల్లెలు ఉంటుంది. ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. "శుక్రవారం వల కదన్నా! చేపను చూడకుండానే పోయినారా మేడం?" అని ఏడ్చింది. మనిషి పోతే చేప గురించి ఏడుపేమిటని మీరు అనుకోవచ్చు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేడంతో నా పరిచయం చేపల దగ్గరే మొదలైంది. మా వీధికి మోపెడ్ మీద చేపలు తెచ్చే మనిషిని ఒక ఆదివారం ఆపి, ఆవిడ గంపలోంచి ఒక జిలేబి చేపను తీశారు. జిలేబి అంటే మిఠాయి కాదు, చేపే. తమిళనాడులో ఇది లేని చెరువు లేదు. బెత్తెడు ఉంది. దాని కన్ను చూశారు, మొప్ప ఎత్తి చూశారు, వేలితో నోరు తెరిచారు.

"కొంటావామ్మా, జాతకం చూస్తావా?" అన్నాడు అతను.

"ఇలా చూడండి," అని ఆవిడ నా వైపు తిప్పారు. చేప నోట్లో ఆవగింజల కంటే కాస్త పెద్దవిగా, పచ్చగా గుడ్లు. "ఈ జాతిలో తల్లి గుడ్లను నోట్లో పెట్టుకు కాపాడుతుందండీ. మీరు దీన్ని పిల్ల అనుకుంటున్నారు. ఇది పిల్ల కాదు, తల్లి. ఒళ్ళు ఎదగకుండానే సంసారం నెత్తిన పడింది పాపం. ఏ చెరువుదయ్యా ఇది?"

అతను చెప్పింది మా చెల్లెలి ఊరి చెరువే.

ఇంతా చూసి ఆవిడ చేప కొనలేదు. శాకాహారి. "తినకుండా వీటి గురించి ఇంత ఎట్లా తెలుసు మేడం?" అని అడిగితే, "డాక్టరు రోగిని తింటాడా అండీ?" అన్నారు. మేం కట్లా అనేదాన్ని ఆవిడ బొచ్చె అనేవారు. మేం రోహు అనేదాన్ని శీలావతి అనేవారు. శీలావతి అని పిలిచాక దాన్ని ముక్కలు కోసి పులుసులో వేయడానికి చేతులెట్లా వస్తాయో ఆ గోదావరి వాళ్ళనే అడగాలి.

ఇప్పుడు ఆ ఊరి మర్యాద ఒకటి చెప్పాలి. చెరువులో చేపలు పెంచే పనిని ఊరు ఒక ఇంటికి అప్పగిస్తుంది. ఆ ఇంటివాళ్ళు విత్తనం, అంటే వేలెడు చేపపిల్లలు, తెచ్చి వదలాలి, కాపలా కాయాలి. ఎండాకాలం చివర వల లాగిన రోజు ముందుగా ఇంటికొక చేప పంచాలి. తూకం లేదు, బేరం లేదు, ఇంటికి ఒకటి. మిగిలింది వాళ్ళది. భర్త పోయాక మా చెల్లెలి బతుకంతా ఆ చెరువే.

ఒకప్పుడు ఆ ఒక్క చేప ఇంటిల్లిపాదికీ వచ్చేది. తల నాకంటే నాకని పిల్లలు కొట్టుకునేవాళ్ళు. రానురాను చేప చిన్నదైంది. చిన్నదైంది కదా అని ఊరంతా కలిసి మా చెల్లెలి చేత విత్తనం ఎక్కువ వేయించారు. మరుసటేడు ఇంకా చిన్నదైంది. ఇంకా ఎక్కువ వేయించారు. కొర్రమీను పిల్లల్ని మింగేస్తోంది, అది దొంగ అని, దొరికిన కొర్రమీనునల్లా పులుసు పెట్టుకున్నారు. విత్తనంతో కలిసి వచ్చిన జిలేబి మాత్రం అడ్డూ అదుపూ లేకుండా కాపురాలు పెట్టేసింది.

రెండేళ్ళ కిందట పంపకం రోజున ఆ ఊరి పెద్దమ్మ ఒకావిడ తన వాటా చేపను తోక పట్టి పైకెత్తింది. "ఏమ్మా, మా పిల్లికి పెట్టినా అలిగి పోతాది కదమ్మా ఇది. ఇంటిమందీ దీని వాసన చూసి చెయ్యి కడుక్కోవాల్నా?" అంది. అందరూ నవ్వారు. తిట్టినా ఓర్చుకునేది మా చెల్లెలు, ఆ నవ్వుకు తల ఎత్తలేకపోయింది. కుళ్ళు విత్తనం తెచ్చి ఊరిని మోసం చేసిందన్న మాట పుట్టింది. మరుసటేడూ అదే చేప, అదే మాట. చెరువును ఇంకో ఇంటికి ఇచ్చేద్దామని ఊరి పెద్దాయన పంచాయితీ పెట్టాడు.

ఆ పంచాయితీకి మేడంను బస్సులో తీసుకుపోయాను. దారిలో కనబడిన ప్రతి చెరువు దగ్గరా ఆవిడ కిటికీలోంచి తల బయట పెట్టడం, కండక్టరు తల లోపల పెట్టమని తమిళంలో "తల ఉళ్ళ" అని అరవడం. చెరువు చేరగానే అంచున వంగి నీళ్ళలో చెయ్యి పెట్టారు. "కాఫీకి పెట్టినట్టున్నాయండీ నీళ్ళు," అన్నారు. టమాటా తోటల మోటార్లు గట్టు పొడుగునా పీలుస్తున్నాయి. మధ్యలో మోకాలి లోతు లేదు.

మా చెల్లెలు పట్టి తెచ్చిన చేపను ఆవిడ నేల మీద పెట్టనివ్వలేదు. గోనెసంచి తడిపి పరిచి, దాని మీద పడుకోబెట్టి, పక్కన తన చెయ్యి జాన చాపి చూశారు. ఒక పొలుసు తీసి భూతద్దం కింద నాకు చూపించారు. చెట్టు మొద్దులో వలయాల్లాంటి గీతలు. "మన ఎండలకు ఇవి అంత నిక్కచ్చిగా పడవు, అయినా అంచనాకు చాలు. దీని వయసు దీని ఒంటి కంటే పెద్దది. చూడండి, కన్నెంత ఉందో! ఒళ్ళు ఆగిపోయింది, కన్ను ఆగలేదు."

పంచాయితీ పాల సొసైటీ మెట్ల మీద. పెద్దాయన మర్యాదగానే మొదలుపెట్టాడు. "విత్తనం కుళ్ళుది మేడం. జాతి మంచిదైతే యాడేసినా పెరుగుతాది."

మేడం చుట్టూ చూశారు. మా అన్నాచెల్లెళ్ళ మీద చూపు ఆగింది. "ఏవండీ, మీరిద్దరూ ఒకసారి ఇలా వచ్చి పక్కపక్కన నిలబడండి."

ఇదిగో, పొడవు సంగతి వచ్చింది. నేను మా చెల్లెలి భుజం దాకా వస్తాను. మా ఇల్లు పిల్లల మంద, నేను ఆ మందలో పెరిగాను. చెల్లెల్ని మాత్రం పసితనంలోనే మా అవ్వ కృష్ణగిరి దగ్గర మామిడి తోటకు తీసుకుపోయింది. ఇంటికి ఒక్కతే పిల్ల, గడ్డ పెరుగు, కింద రాలిన పళ్ళన్నీ దానివే.

"వీళ్ళిద్దరూ ఒక తల్లి పిల్లలేనా?" అని మేడం అడిగారు.

"అవును."

"విత్తనం ఒకటే కదా?"

పెద్దాయన తల ఊపాడు.

"మరి ఈయనకేమైందండీ?"

పిల్లి మాట అన్న పెద్దమ్మే గట్టిగా అంది, "ఆయప్ప ఇరుకు గుంటలో పెరిగినాడమ్మా!" పాల క్యాన్లు కూడా నవ్వినట్టున్నాయి ఆ రోజు.

నవ్వు ఆగకముందే మేడం పెద్దమ్మ వైపు తిరిగారు. "రాగి చేను ఒత్తుగా మొలిస్తే ఏం చేస్తారమ్మా?"

"గుంటక తోలి పలచన చేస్తాము."

"చెరువులో ఎందుకు చేయలేదు?"

"చేను కండ్లకు కనబడతాది. చేప నీళ్ళ కింద ఉంటే ఎట్లా తెలుస్తాదమ్మా?"

"నిజమే," అన్నారు మేడం. అంత నిజాయితీగా ఒప్పుకోవడం నాకు భలే నచ్చింది. తర్వాత చెప్పారు. చిన్న చేపల్ని ఇప్పుడే వల వేసి తీసేయండి, విత్తనం తగ్గించండి, ఆ కొర్రమీను దొంగను మళ్ళీ పిలవండి, జిలేబి పిల్లల లెక్క అదే చూసుకుంటుంది. "వేడి నీళ్ళలో గాలి తక్కువ, ఆకలి ఎక్కువ. తిన్నది బతకడానికే సరిపోతుంది, పెరగడానికి మిగలదు. తూము రాయి కిందికి నీళ్ళు దిగనివ్వకండి."

అక్కడ నవ్వులు ఆగిపోయాయి. "టమాటా ఎండితే మీరొచ్చి తడుపుతారా మేడం?" అన్నాడు పెద్దాయన.

"రానండీ. టమాటా నాకు తెలీదు. చేపకు లోతు కావాలని మాత్రం తెలుసు. రెండూ కావాలంటే ఎలాగో మీరే కూర్చుని తేల్చుకోవాలి."

తేల్చుకునే సరికి ఎండ మెట్లు దాటింది. అరుపులు, అలకలు, ఒకాయన లేచిపోవడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. చివరికి నీళ్ళు ఆ రాయి దాకా దిగాక మోటార్లు ఆపేటట్టు ఒక్క ఏడాదికి ఒప్పుకున్నారు. "వచ్చే వలకు చేప జానెడు దాటితే చెరువు ఈయమ్మదే. దాటకపోతే ఇంకో ఇంటికి," అన్నాడు పెద్దాయన. ఎవరి జాన అని వెంటనే గొడవ. పెద్దమ్మ తీర్పు చెప్పింది, "మేడం జాన! ఆయమ్మ చేప తినదు, ఆశ లేని చెయ్యి."

తిరుగు బస్సులో నేను కొంచెం ముడుచుకుని కూర్చున్నాను. మేడం గమనించారు. "మనుషుల పొడవుకు సవాలక్ష కారణాలుంటాయండీ. మీ సంగతి నేను నిజానికి చెప్పలేను. కానీ నవ్విన మనిషి కాసేపు వింటాడు. పాఠమంతా ఆ కాసేపట్లోనే చెప్పేయాలి." ఆ మాట నాకు చాలాసార్లు పనికొచ్చింది, ఇప్పుడు కూడా.

ఆ ఏడాదంతా ఆవిడ వీలైనప్పుడల్లా చెరువుకు వచ్చేవారు. మా చెల్లెలి ఇంట్లో రాగి ముద్ద, పప్పు తిని, గోనె తడిపి, చేపను పడుకోబెట్టి, చెయ్యి చాపి చూసి, "పో తల్లీ, తిను," అని నీళ్ళలో వదిలేవారు. కిందటిసారి చూసినదానికీ ఇప్పటికీ తేడా అడిగితే చెప్పేవారు కాదు. "పెరిగేదాన్ని మాటిమాటికీ కొలిస్తే దిష్టి తగులుతుంది," అని నవ్వేవారు. చివరిసారి వెళ్ళినప్పుడు మాత్రం, వదిలేసిన చేప వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

నాకు ఆవిడ ఇచ్చింది ఇంకొకటి ఉంది. తన పుస్తకాలు ఒక్కొక్కటే గోడ మీదుగా అందించేవారు. అర్థం కానిది అడిగితే కుర్చీ లాక్కుని కూర్చునేవారు. ఒకరోజు, ఈ వయసులో నాకెందుకు మేడం ఈ చదువు అన్నాను. "చేపకో సుఖం ఉందండీ. మనలా ఒక వయసుకు పెరుగుదల ఆగిపోదు. నీళ్ళు బాగుంటే ముసలితనంలో కూడా కాస్త కాస్త పెరుగుతూనే ఉంటుంది," అన్నారు. నన్నే అన్నారో, చేపనే అన్నారో నేను అడగలేదు. ఆ పూట ఇంకో రెండు పేజీలు ఎక్కువ చదివాను.

శుక్రవారం వల లాగారు. తూము రాయి తడిగానే ఉంది. మోటార్లు మాట్లాడటం లేదు. వల ఒడ్డుకు వచ్చే కొద్దీ బరువుకు మగవాళ్ళు వెనక్కి వంగారు. మా చెల్లెలు అలవాటుగా గోనె తడిపి పరిచింది. పైన దొరికిన రోహు చేపను తెచ్చి పడుకోబెట్టింది. అప్పుడందరూ ఆగిపోయారు. పక్కన చాపవలసిన చెయ్యి లేదు.

"ఇప్పుడు ఎవరి జానప్పా?" అన్నాడు పెద్దాయన, మెల్లగా.

పెద్దమ్మ చీర చెంగు బిగించుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి తడుపుకుని, బొటనవేలు చేప మూతి దగ్గర పెట్టి, చిటికెనవేలు ఎంత సాగితే అంత సాగదీసింది. చేప ఆ వేలు దాటి, ఆమె మణికట్టు వెడల్పంత దాటి ఉంది. పెద్దాయన చేపను, మా చెల్లెల్ని చూశాడు. "పంచమ్మా," అన్నాడు. అంతే, చెరువు మా చెల్లెలిదే.

ఇంటికొకటి పంచాక మా చెల్లెలు ఒక చేపను పక్కన పెట్టింది. ఎవరికని అడిగారు. "మేడం ఇంటికి," అంది. ఆయమ్మ తినదు కదా అని ఎవరూ అనలేదు. పెద్దమ్మే దాన్ని రెండు చేతులా ఎత్తి నీళ్ళ దాకా నడిచింది. "పో తల్లీ, తిను," అని వదిలింది. నీళ్ళు ఒకసారి వంకర తిరిగి సర్దుకున్నాయి.

నేను వెనక్కి తిరిగి చూస్తే గోనె ఆరిపోతోంది, దాని మీద రెండు తడి మచ్చలే మిగిలాయి. ఒకటి చేపది, దాని పక్కన వేళ్ళు చాపిన చెయ్యిది. ఎండ గట్టిగానే ఉంది. చెయ్యి ముందు ఆరిపోయింది. చేప ఇంకా కాసేపు ఉంది.