రెండు బిళ్లల నడుమ మా బాపు

దవాఖానలో మంచం దొరికితే సగం రోగం పోయినట్టేనని మా వైపు జనం నమ్మే కాలం అది. నేనూ నమ్మాను. పాలమూరు బడిలో పంతులమ్మగా కొత్తగా చేరిన గర్వంతో, కొత్తకోట దగ్గర గొర్లు కాసుకునే మా బాపును నేనే తీసుకొచ్చి దవాఖానలో చేర్పించాను. కాలికి తుమ్మముల్లు గుచ్చుకుని పుండు పడింది. పరీక్ష చేసి చక్కెర జబ్బు కూడా ఉందన్నారు. (పండుగకైనా చక్కెర కొనని ఇంట్లోకి ఆ జబ్బు ఏ దారిన వచ్చిందో!)

పుండుకు ఒక డాక్టరు, చక్కెరకు ఒక డాక్టరు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చునేవారు గానీ వాళ్ల మధ్య మాటల్లేవు. ఆ గదిలో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను ఎవరి వైపు తిరగాలన్న తగాదా అట! ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున ఒకాయన వచ్చి తన బిళ్లలు రాసి పోయేవాడు, మధ్యాహ్నం ఇంకొకాయన తనవి. ఒకరి బిళ్లల సంగతి ఒకరు అడగడం నామోషీ. మా బాపు ఇద్దరికీ దండం పెట్టి అన్నీ మింగేవాడు.

"గిన్ని బిళ్లలెందుకో జర అడగరాదు బాపూ?" అంటే, "సార్లను అడుగుతమా బిడ్డా? ఆళ్లకు ఎరుక లేదా?" అనేవాడు.

ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి బాపు చెమటతో తడిసిపోయి, మంచాల మీది రోగులను చూసి "హుర్ర్... గొర్లు చేన్లవడ్డయ్, మలుపుండ్రి!" అని అరుస్తున్నాడు. వార్డంతా నవ్వుతోంది. పక్క మంచం అవ్వ మాత్రం "గాలి సోకింది బిడ్డా, దిష్టి తియ్యి" అంది. నాకూ నవ్వు రాబోయింది. అంతలో బాపు కళ్లు తేలేశాడు.

డాక్టర్ల గదికి ఎట్లా ఉరికానో గుర్తులేదు. పుండు డాక్టరు "నా బిళ్ల మంచిదే" అన్నాడు. చక్కెర డాక్టరు గోడ వైపు చూస్తూ "నాదీ మంచిదే" అన్నాడు. అంతే, బడిలో కొట్లాడుకునే పిల్లల మీద లేచే నా గొంతు లేచింది.

"లేవుండ్రి ఇద్దరు! మా బాపు సస్తే మీ ఫ్యాను తెచ్చి గాలి విసురుతరా? ఏమేం బిళ్లలిచ్చిండ్రో ఒకరి మొకం ఒకరు చూసి చెప్పుండ్రి!"

ఇద్దరూ నిజంగానే లేచి నిలబడ్డారు. ఒకాయన బిళ్ల పేరు చెప్పగానే ఇంకొకాయన మొహం పాలిపోయింది. పుండు బిళ్ల తోడైతే చక్కెర బిళ్ల బలం మితిమీరుతుందట, ఒంట్లో చక్కెర అడుగంటిపోతుందట. ఇద్దరూ కలిసే పరుగెత్తారు. నరానికి గ్లూకోజు ఎక్కించాక బాపు కళ్లు తెరిచి, ఎదురుగా వాళ్లను చూసి మళ్లీ దండం పెట్టబోయాడు. కోపం పట్టలేక ఆ చేతులు పట్టుకుని ఆపాను.

ఇంటికి పోయేనాడు బస్సులో బాపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. "పెద్దసార్ల మీద గట్ల ఒర్లుతరా? ఇజ్జత్ తీసినవ్" అన్నాడు. కొత్తకోట దగ్గరపడ్డాక, కిటికీలోంచి చూస్తూనే, "ఒర్లకుంటే బస్సుల గాదు, పాడె మీద పోతుంటి తియ్యి" అన్నాడు.

ఇప్పుడు ముసలితనంలో నాకు ముగ్గురు డాక్టర్లు. వాళ్ల మధ్య మాటలున్నాయో లేవో తెలియదు. అడగాలనే వెళతాను. తెల్లకోటు కనబడగానే "సరే సార్" అని బిళ్లలు తీసుకుని వచ్చేస్తాను. బాపు కోసం వచ్చినంత కోపం నా కోసం రావడం లేదు. ఆనాటి పంతులమ్మే ఇప్పుడు నా వెంట వస్తే, డాక్టర్ల కంటే ముందు నన్ను లేపి నిలబెట్టేది.