గుమ్మం బయట ఆగి పిలవాలి

మా పెద్దబ్బాయి పోయి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. ఆ ఉదయం కాఫీ పట్టుకెళ్లి, రోజూలాగే గుమ్మం బయట ఆగి, "నేనేరా, అమ్మని" అన్నాను. "రా అమ్మా" అనలేదు. మళ్లీ అన్నాను. గోడకి ఆనించిన కుర్చీలో, తలుపు వైపు చూస్తూ కూర్చున్నట్టే ఉన్నాడు. గుండె ఆగిపోయిందన్నారు. నలభై ఎనిమిదేళ్లు వాడికి.

నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని. రాయడం పెద్దగా రాదు. అయినా మీలో సిపాయిల్ని కన్నవాళ్లు ఉంటారని రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు. మా ఆయన ఇక్కడ రాజధానిలో సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో డ్రైవరు. వాడు ఆర్.కె. పురం క్వార్టర్సులో పెరిగాడు. పందొమ్మిదేళ్లకి మిలిటరీలో చేరితే బ్లాకులో ప్రతి ఇంటికీ వెళ్లి లడ్డూలు పంచాను. మూడేళ్లకి కొండల మీద యుద్ధానికి పంపారు. ఒంటి మీద గాయం లేకుండా తిరిగొస్తే దేవుడికి కొబ్బరికాయ కొట్టి, ఇక గండం గడిచిందనుకున్నాను.

సెలవులకి వచ్చిపోతున్నన్నాళ్లూ మాకేం తెలియలేదు. సర్వీసు అయిపోయి జనక్‌పురిలో మాతో ఉండటం మొదలెట్టాకే తెలిసింది. పెళ్లిళ్లకి వెళితే గోడ పక్క కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడే ఉండేవాడు. ఒకసారి కోడలు వెనకనుంచి భుజం మీద చెయ్యి వేస్తే మణికట్టు మెలితిప్పేశాడు. తర్వాత తనే కూర్చుని ఆ చేతికి పసుపు పట్టు వేశాడు. ఆ రోజునుంచి మా ఇంట్లో ఎవరైనా సరే గుమ్మం బయట ఆగి, చెప్పి లోపలికి రావాలి. మనవరాలికి తెలుగు అర్థమవుతుంది గాని హిందీలోనే మాట్లాడుతుంది. అది కూడా "పాపా, మై హూఁ" అనేది. పక్కింటి ఆంటీ చూసి నవ్వితే వాడూ నవ్వాడు. "మంత్రిగారింట్లో కూడా ఇంత మర్యాద ఉండదు ఆంటీ, సొంత పెళ్లామే పేరు చెప్పుకుని వస్తుంది" అన్నాడు.

నేను మాత్రం దిష్టి అనుకున్నాను. యూనిఫాంలో అంత అందంగా ఉండేవాడు, ఎవరి కన్నో పడిందనుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం వాడు నాలుగేళ్ల కూతుర్ని ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తుంటే, చప్పుడు కాకుండా ఉప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు తల చుట్టూ తిప్పాను. వంటింట్లో పెనం ఎర్రగా కాల్చి అందులో పోశాను. టపటపా పేలాయి. ఎంత పేలితే అంత దిష్టి పోయినట్టని సంబరపడుతున్నాను. ఇంతలో పిల్ల ఏడుపు. వెళ్లి చూస్తే వాడు నేలమీద బోర్లా పడి ఉన్నాడు. పిల్ల వాడి కింద ఉంది. దాన్ని కాపాడుతున్నాడు, నా ఆవాలనుంచి.

పిల్ల చెయ్యి వాచింది. చాలా నెలలు వాడు దాన్ని ఎత్తుకోలేదు. "దిష్టి కాదమ్మా, నేనింకా కొండ దిగలేదు" అన్నాడు నాతో. నాకు అర్థం కాలేదు.

కోడలు మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళతానంది. నేను అడ్డం పడ్డాను. నా కొడుకుకి పిచ్చివాడని పేరు తెస్తావా అని నానా మాటలూ అన్నాను. వాడు నా మాట కాదనలేక ఊరుకున్నాడు. అలా నాలుగేళ్లు పోయాయి. చివరికి ఒకరోజు కోడలే అడిగింది. "మిలిటరీలో చేరినప్పుడు బ్లాకంతా లడ్డూలు పంచారు కదా అత్తయ్యా. ఇప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే తలుపులెందుకు వేస్తున్నారు?" నేను అడ్డం తప్పుకున్నాను.

తీసుకెళ్లింది. మందులకంటే అక్కడ కూర్చుని మాట్లాడటమే ఎక్కువట. నెమ్మదిగా నిద్ర పట్టింది, తిండి సయించింది. కూతురి చెయ్యి పట్టుకుని బజారుకి వెళ్లొచ్చేవాడు. కొండ మీద ఏం చూశాడో నాకు మాత్రం చెప్పలేదు. అడిగితే, "నీకెందుకే అమ్మా, నువ్వైనా పడుకో" అనేవాడు. ఆఖరి తొమ్మిదేళ్లూ కాస్త మనిషిలా బతికాడు. ఆ ముందు నాలుగేళ్లు నేను పోగొట్టినవి. ఆ సంగతి వాడు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మొన్న వాడి స్వెట్టర్లు మడత పెడుతూ ఆ కుర్చీలోనే కూర్చున్నాను. గదిలో ఎవరూ లేరు. అయినా వచ్చేటప్పుడు "నేనేరా" అనే వచ్చాను. కాసేపటికి గుమ్మం దగ్గర అలికిడి అయ్యింది. మనవరాలు. పదిహేడేళ్ల పిల్ల, గడప బయటే ఆగిపోయింది. ఎన్నడూ లేనిది తెలుగులో, "నేనే, నానమ్మా" అంది. నేను జవాబిచ్చేదాకా అడుగు లోపల పెట్టలేదు.

"రా అమ్మా" అన్నాను.