పిట్ట ముట్టిన మాట

అనుమానం పెనుభూతం అంటారు గానీ, మా అక్క లస్మవ్వను చూస్తే ఆ భూతం కూడా పక్కకు తప్పుకుని పోతుంది. పాలు పోసే మనిషిని గిన్నె వంచి చూపించమంటుంది. బీడీల ఆకు తూచేటప్పుడు కాంటా కింద ఎవరి వేలుందోనని వంగి చూస్తుంది. ఎవరి మీద ఏ అనుమానం వచ్చినా వాళ్ల ముఖం మీదే అనేస్తుంది. మా బావ బుచ్చిరాములు దుబాయిలో ఉన్న రోజుల్లో ఫోన్ చేస్తే, "ముందుగాల మన బర్రె పేరు చెప్పు, అటెన్క మాట్లాడుత" అనేది. పాపం, ఆయన అక్కడ ఎండలో నిలబడి బర్రె పేరు చెప్పుకునేవాడు. నేను కోమలను, ఆమె చెల్లెల్ని. మెట్‌పల్లిలో బట్టలు కుడతాను. నాలుగు అక్షరాలు చదివానని కోర్టు పనులన్నిటికీ నన్నే వెంట తిప్పింది, నా మీదా ఒక కన్ను వేసుకునే.

కోర్టు ఎందుకొచ్చిందో చెప్పాలి కదా. మక్కచేన్లలో అడవిపందులు పడుతున్న కాలం. బావ చేనుకూ, ఆయన పాలివాడు, వరసకు తమ్ముడయ్యే దేవదాస్ చేనుకూ నడుమ గట్టు మీద ఎవరో తీగ లాగి కరెంటు పెట్టారు. తెల్లారి చూస్తే ఆ తీగ మీద పంది లేదు, దేవదాస్ ఉన్నాడు. కరెంటు కలిపింది మా బావ మోటరు స్టార్టర్ డబ్బాలోంచి. డబ్బాకు తాళం ఉండదు, తీగ కట్టినవాళ్లను చూసినవాళ్లు లేరు. మొదట ఊరు కూడా బావను ఏమీ అనలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి మేమంతా దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టిందంటే ఆయనకు ఏ కోరికా మిగల్లేదన్నమాట. దేవదాస్‌కు మటన్ పెట్టారు, కల్లు పెట్టారు, సిగరెట్ కూడా ముట్టించి పెట్టారు. కాకి చెట్టు మీద కూర్చుని చూస్తుంది గానీ దిగదు! ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇచ్చారు. పెండ్లాం కనకవ్వ చేను అమ్మనంది. బామ్మర్ది సగంలో ఆగిన ఇల్లు పూర్తి చేయిస్తానన్నాడు. ఊహూ. అప్పుడు మా బావ పోయి విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "తమ్మీ, నన్ను మాఫ్ చెయ్యి. నీ పిల్లలను నా పిల్లల లెక్క అరుసుకుంట" అన్నాడు. ఆయన ఇంకా లేవనే లేదు, కాకి వాలి ముక్క ఎత్తుకుపోయింది.

"సూసిండ్రా! గుమ్మడికాయల దొంగంటే బుజాలు తడుముకున్నడు. తప్పు చెయ్యనోడు మాఫ్ ఎందుకడుగుతడు?" అన్నాడు దేవదాస్ బామ్మర్ది. ఆ సాయంత్రమే ఫిర్యాదు చేశాడు. కోర్టులో సాక్షులు వరుసగా వచ్చి, పిట్ట ముందర తప్పు ఒప్పుకున్నాడని చెప్పారు. మోటరూ ఆయనదే, మాటా ఆయనదే. కింది కోర్టు రెండేళ్ల శిక్ష వేసి, అప్పీలు చేసుకునేందుకు జమానతు మీద వదిలింది. అప్పీలు కూడా పోతే ఇక జైలే. మాఫ్ ఎందుకు అడిగావయ్యా అని ఎవరు అడిగినా బావ నేల చూస్తాడు తప్ప నోరు విప్పడు. నాకు ఒళ్లు మండిపోయేది.

అప్పీలుకు శ్రీహరి అనే వకీలును పెట్టుకున్నాం. నెమ్మదస్తుడు. కానీ ఒకరోజు అతను కోర్టు బయట అవతలి వకీలుతో కలిసి చాయ్ తాగుతూ అక్క కంట పడ్డాడు.

"సూసినవా కోమలా? ఒక్క చాయ్‌ని ఇద్దరు పంచుకుంటుండ్రు. మనోడు అమ్ముడుపోయిండు."

"వకీళ్లు చాయ్ తాగొద్దా అక్కా!"

"తాగనీ. ఏం మాట్లాడుకుంట తాగుతుండ్రు?"

ఊరుకుంటుందా? కొంగు నెత్తిన కప్పుకుని పోయి వాళ్ల వెనకాల నిలబడింది. తిరిగొచ్చి, "షుగర్ గోళీల గురించి మాట్లాడుకుంటుండ్రు. నన్ను జూసి ముచ్చట మార్చిండ్రు" అంది. తల పట్టుకున్నాను.

అందరినీ కడిగేసే మనిషి మొగుడి దగ్గర మాత్రం ఒక మాట మింగేసింది. బస్సులో నా చెవిలో ఊదింది: "కాకర పందిరికని తెచ్చిన తీగ చుట్ట కొట్టంల కనిపిస్తలేదే. దేవదాస్ పోయిన నాటి నుంచే లేదు." అంటే తీగ కట్టింది బావేనని ఆమె లోపల తేల్చుకుంది. తేల్చుకునే అప్పీలుకు కొట్లాడుతోంది. ఆ రోజు అక్క మీద నాకు జాలేసింది.

వాదనల ముందురోజు శ్రీహరి ఆఫీసులో కూర్చున్నాం. "బుచ్చిరాములూ, ఆ మాఫ్ ఒక్కటే మన మెడకు చుట్టుకుంది. ఎందుకన్నవో నాకన్న చెప్పు" అన్నాడు. బావ మళ్లీ నేల చూపులు. అంతే, అక్క లేచింది.

"ఎందుకేంది? తీగ కట్టిండు గన్క అడిగిండు! కొట్టంల చుట్ట ఏమైందో చెప్పు! నా కండ్లళ్ల జూసి చెప్పు!"

బావ మెల్లగా తలెత్తాడు. "నువ్వు కట్టలేదా?"

"నేనా?"

"ఆనాడు పొద్దుమీకి పందుల పని చెప్త అనుకుంట టార్చి పట్టుకొని చేనుకు పోతివి. చుట్ట నువ్వే తీసినవనుకున్న. నీ మీదికి రావద్దని నోరు మూసుకున్న. నీ దిక్కెల్లి నేనే మాఫ్ అడిగిన."

"రేకు డబ్బా కొట్టి పందులను ఎల్లగొట్టి వచ్చిన, దేవుడా! నన్ను అనుమానిస్తవా? ఇన్నేండ్ల సంసారంల నన్నా?" అక్క నొసలు కొట్టుకుని ఏడ్చింది. లోకాన్నంతా అనుమానించింది గానీ, తనను కూడా ఒకరు అనుమానించవచ్చని ఏనాడూ అనుకోలేదు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వీళ్ల నోళ్లు పడిపోను, ఒక్కసారి ఒకరినొకరు అడిగితే పోయేది కదా!

బావే మళ్లీ అన్నాడు. "గా వారం దేవదాస్ మోటరు, స్టార్టర్ డబ్బా కాలిపోయి రిపేరుకు పోయినయ్. మన కొట్టంలకు వాడు అడగకుంటనే వస్తుండె." అంటే చుట్ట తీసిందీ, మా డబ్బాలోంచి కరెంటు కలుపుకుందీ దేవదాసే. పందుల కోసం తీగ కట్టుకున్నవాడు దాన్నే తొక్కి పోయాడని నలుగురికీ అర్థమైంది. "గిది అప్పీల్ల చెప్పుకునేదానికి లేదు. ఉన్న సాక్ష్యం మీదనే కొట్లాడాలె" అన్నాడు శ్రీహరి.

బాగానే కొట్లాడాడు. పోయినవాణ్ణి మాఫ్ అడగడం అక్కడి ఆచారమనీ, అది నేరం ఒప్పుకోవడం కాదనీ, తాళం లేని డబ్బాను ఎవరైనా ముట్టవచ్చనీ చెప్పి పై కోర్టు శిక్ష రద్దు చేసింది. కాగితం చేతికి వచ్చేదాకా అక్క నమ్మలేదు. వచ్చాక కూడా ముద్ర అసలుదేనా అని నన్ను రెండుసార్లు అడిగింది. బావ మాత్రం గోడకు ఆనుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఊరికి పోయేసరికి వాకిట్లో కనకవ్వ నిలబడి ఉంది, పిల్లలిద్దరూ కొంగు పట్టుకుని ఉన్నారు. చుట్టుపక్కలవాళ్లు గోడల మీదుగా చెవులు పెట్టారు.

"బావను ఇడిసిపెట్టిండ్రట. మంచిదే" అంది కనకవ్వ. "బావ గాకుంటె మరి తీగ ఎవలు కట్టిండ్రక్కా? నా మొగన్ని సంపింది ఎవలు? ఊరందరి మీద నీకు అనుమానమేనాయె. నీకు తెల్వకుంట ఉంటదా?"

ఒక్క మాట అంటే చాలు, బావ మీద పడ్డ మచ్చ ఊరి ముందే పోతుంది. అను అక్కా, అను, అని నాకు లోపల కొట్టుకుంటోంది. అక్క పెదవులు కదిలాయి. పిల్లల వైపు చూసింది.

"తెల్వదు చెల్లె" అంది.

"తెల్వకేం! మొగన్ని కాపాడుకుంటున్నవు" అని కనకవ్వ పిల్లలను రెక్కపట్టి లాక్కుపోయింది. గోడల అవతల గుసగుసలు మొదలయ్యాయి. బావ కాళ్లు కడుక్కుంటున్నాడు.

నాకు ఆగలేదు. "ఉన్నమాట చెప్పరాదా అక్కా! అందరిని అంటవు గదా, గిప్పుడేమైంది నీ నోటికి?" అని అరిచాను.

"మెల్లగనవే" అంది అక్క, అరుగు మీద కూలబడుతూ. "మీ బావ బతికున్నడు. ఎవలేమన్నా జవాబు చెప్పుకుంటడు. సచ్చినోడు ఏం చెప్పుకుంటడే?"