మూడో రోజు ఆకాశం

పదకొండేళ్ళుగా నా పేరు ముందు డాక్టర్ అని ఉంటోంది. కాలేజీలో నా గది తలుపు మీద ఉంటుంది, చుట్టాల పెళ్ళిపత్రికల్లో వేస్తారు. ఆ మాట కనిపించిన ప్రతిసారీ నాకు ఇంకొకామె గుర్తొస్తుంది. అది ఆమెకు రావలసింది. రాకుండా చేసింది నేను. ఈ బరువు మోస్తున్నానని ఇంట్లో చెప్పలేదు. గుడికి వెళ్ళినా దేవుడితో సూటిగా చెప్పలేదు, చుట్టూ తిప్పి చెప్పి వచ్చాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలి పడకండి.

ఆమెను తిరుపతమ్మ అని పిలుస్తాను. అసలు పేరు కాదు. నా పేరు దాచుకుంటూ ఆమె పేరు బయటపెట్టే హక్కు నాకు లేదు.

మాది త్రిపురాంతకం దగ్గర పల్లె. పొలం ఉన్నవాళ్ళం. వాళ్ళది హనుమంతునిపాడు వైపు, గొర్రెలు మేపే ఇల్లు. కోతలయ్యాక ఆమె నాయన మందను తోలుకొచ్చి, ఎరువు కోసం మా చేలో కట్టేవాడు. మంద ఉన్నన్నాళ్ళూ వాళ్ళకు అన్నం మా ఇంటి నుంచే పోయేది. ఇది చెప్పకపోతే తక్కినది మీకు అర్థం కాదు. తిరుపతమ్మ నాకంటే రెండేళ్ళు చిన్నది. ఎక్కడో దూరాన ఒక పరిశోధనా సంస్థలో, ఒకే సార్ దగ్గర, ఇద్దరం పక్కపక్క కుర్చీల్లో తేలాం. మా వైపు మాట చెవిన పడగానే ఆమె నన్ను నోరారా అక్కా అని పిలిచింది. నేను మాత్రం లోపల, మా చేలో మంద కట్టే ఆయన కూతురు కదా, అనుకున్నాను.

మా పని గెలాక్సీల వెలుగు చదవడం. గెలాక్సీ అంత దూరంలో ఉంటే అందులోని నక్షత్రాలు విడివిడిగా కనిపించవు. కోట్ల నక్షత్రాల వెలుగు కలిసి ఒక్క మసక మచ్చగా వస్తుంది. దాన్ని రంగులుగా విడదీస్తే పట్టీలా పరుచుకుంటుంది, మధ్యమధ్య నల్లటి గీతలతో. అదే వర్ణపటం. ఏ గీత ఎంత లోతుగా ఉంది, నీలం ఎంత, ఎరుపు ఎంత అని చూసి, అక్కడ ముసలి నక్షత్రాలు ఎంత పాలు, పడుచువి ఎంత పాలు అని తేల్చాలి. పుస్తకాలు ముందేసుకుని నేను ఏడాది పాటు తెలుసుకున్న సంగతి తిరుపతమ్మ ఒక్క మాటలో చెప్పేసింది.

“మంద గుట్ట అవతల ఉంటే మా నాయన అరుపు విని చెప్తాడక్కా, పిల్లలు ఎన్ని, ఈనినవి ఎన్ని అని. ఇది కూడా అంతే కదా.”

నవ్వాను. ఆమె మీద మంట నాకు ఆ రోజే మొదలైందని ఇప్పుడు అనిపిస్తోంది.

సార్ పని పంచారు. తేల్చే పని ఆమెది, శుభ్రం చేసే పని నాది. టెలిస్కోపులో గెలాక్సీ వెలుగు ఒక్కటే పడదు, మధ్యలో ఉన్న మన ఆకాశపు వెలుగు కూడా పడుతుంది. చంద్రుడుంటే మరీ ఎక్కువ. పక్కనున్న ఖాళీ ఆకాశాన్ని కొలిచి, ఆ మేరకు తీసేయాలి. బియ్యంలో రాళ్ళేరడం లాంటి పని. బాగా ఏరితే ఎవరూ మెచ్చుకోరు, ఒక్క రాయి పంటికింద పడితే మాత్రం ఏరిన మనిషి పేరు అందరికీ గుర్తొస్తుంది.

ఒక చిన్న గెలాక్సీకి మూడు రోజులు తీసిన వెలుగు మా దగ్గరుంది. మూడో రోజు చంద్రుడున్నాడు. ఏ రోజు వెలుగులోంచి ఆ రోజు ఆకాశమే తీసేయాలి. నేను మూడో రోజుది విడిగా కొలవకుండా, దానికి కూడా మొదటి రోజు ఆకాశమే తీసేశాను. గిద్దలూరులో మా మామ కొడుకు పెళ్ళి, నా బస్సుకు టైమైంది. అంతే కారణం. ఇంతవరకు పొరపాటే. వట్టి పొరపాటుకు ఎవరూ పదకొండేళ్ళు ఏడవరు.

నేను అలా శుభ్రం చేసిచ్చిన ఫైలులోంచి తిరుపతమ్మ ఒక వింత తేల్చింది. అన్నీ ముసలి నక్షత్రాలే ఉండాల్సిన గెలాక్సీ అంచుల్లో పడుచు నక్షత్రాలు ఉన్నాయని. సార్ ముఖం వెలిగిపోయింది. వేరే ఊళ్ళో జరిగే పెద్ద సెమినార్‌లో ఆమే మాట్లాడాలన్నారు. కబురు మా ఊరిదాకా పోయింది. మా నాయన ఫోనులో నవ్వుతూ అన్నాడు: “ఏందమ్మా, మన చేలో మంద కట్టే ఆయన కూతురు కొత్త చుక్కల్ని కనిపెట్టిందంట. ఆయన ఊరూరా చెప్పుకుంటా తిరుగుతుండాడు. మరి నువ్వేం కనిపెట్టినావు?” పరాచికమే. నాకు మాత్రం ఒళ్ళంతా కారం పూసినట్టయింది.

సెమినార్‌కు ముందు రోజు మధ్యాహ్నం నా సొంత పని కోసం పాత నోట్సు తిరగేస్తున్నాను. మూడో రోజు పక్కన ‘చంద్రుడున్నాడు’ అని నేనే రాసుకున్నది కనిపించింది. అరగంటలో మళ్ళీ చేసి చూశాను. సరైన ఆకాశం తీసేస్తే అంచుల్లో పడుచు నక్షత్రాలు లేవు. ఎప్పుడూ లేవు. చంద్రుడి వెలుగంటే సూర్యుడి వెలుగే కదా. మన గాలిలో చెదిరి ఇంకాస్త నీలం పట్టింది. గెలాక్సీ అంచుల్లో సొంత వెలుగు అంతంతమాత్రం కాబట్టి, నేను తీయకుండా వదిలేసింది అక్కడే పైకి తేలింది. ఆ నీలాన్ని చూసి ఆమె పడుచు నక్షత్రాలనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

పక్క గదిలో ఆమె స్లైడ్లు దిద్దుకుంటోంది. పది అడుగుల దూరం. ఎందుకు వెళ్ళలేదు? సార్ తిడతారని భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. తిడితే ఏమయ్యేది? రెండు రోజులు మాట్లాడకపోయేవారు, మూడో రోజు ఆయనే టీకి పిలిచేవారు. భయం కాదు. మంద కాసే ఇంటి పిల్ల అంతమంది ముందు బోల్తా పడితే చూడాలనిపించింది. చూడాలని, నేను కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నాను. ఈ మాట రాయడం కోసమే ఇంతసేపు మిమ్మల్ని కూర్చోబెట్టాను.

అనుకున్నట్టే జరిగింది. ఒక పెద్దాయన లేచి, ఇదే గెలాక్సీని మేమూ చూశాం, అక్కడ పడుచు నక్షత్రాలు లేవు, మీ దాంట్లో చంద్రుడి వెలుగు ఏమన్నా మిగిలిపోయిందా అని మర్యాదగానే అడిగాడు. తిరుపతమ్మ రెండో వరసలో ఉన్న నా వైపు ధీమాగా చూసింది. నేను లేచి, ఆకాశం సరిగ్గానే తీశాను, తేల్చే దగ్గర ఏమైనా జరిగిందేమో చూడాలి అన్నాను. గొంతు కూడా వణకలేదు.

తిరిగొచ్చాక పాత ఫైలు చెరిపేసి, దాని చోట సరిచేసింది పెట్టాను. ఇద్దరిదీ ఒకే ఫోల్డర్. సార్ పరీక్షించారు. ఫైలు శుభ్రంగా ఉంది, ఆమె చెప్పింది మాత్రం అందులోంచి రావడం లేదు. ఆమె రోజుల తరబడి మళ్ళీ మళ్ళీ చేసింది. ఎట్ల వచ్చిందో నాకే తెలీడం లేదక్కా అని నా ముందే ఏడ్చింది. నేను టీ తెచ్చి ఇచ్చాను. లేనిదాన్ని ఉన్నట్టు చూపించిందని సార్ నమ్మారు. ఆమె పరిశోధన గడువు పొడిగించమని ఆయన పైవాళ్ళకు రాయలేదు. ఆమె పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. మిగిలిన గెలాక్సీలు నాకొచ్చాయి. వాటిని ఆమె రాసిపెట్టిన పద్ధతిలోనే తేల్చాను. నా థీసిస్ కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు కూడా వేశాను. ఎంత మంచిదాన్నో చూడండి.

తర్వాత ఆమె నాకు కనబడలేదు. కనబడకుండా నేనే తప్పుకు తిరిగాను. ఈ మధ్య మార్కాపురంలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు పిల్లలతో నక్షత్రాల గురించి మాట్లాడమని పిలిచారు. వెళితే, అక్కడ సైన్సు చెప్పేది తిరుపతమ్మ. నన్ను పిలిపించింది కూడా ఆమేనట. నన్ను పక్కన నిలబెట్టుకుని తొమ్మిదో తరగతి పిల్లలతో అంది: “ఈ అక్కది ఎంత శుభ్రమైన పనో మీకు తెలీదు. నేనేమో తొందరపడి, లేనిదాన్ని ఉందన్నా. చదువు పోగొట్టుకున్నా. మీరు అట్ల చేయొద్దండి.” ఏటా చెబుతుందట ఈ పాఠం. పిల్లలు తలలూపారు. నేను దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాను. తన కళ్ళను తాను నమ్మడం మానేసింది, నా మీద నమ్మకం మాత్రం పోగొట్టుకోలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

పిల్లలు వెళ్ళాక ఆ గదిలోనే చెప్పేశాను. బస్సు, ఫైలు, నా మనసులో ఉన్న కుళ్ళు, ఏదీ దాచలేదు. ఆమె డస్టర్ చేతిలో పట్టుకుని వింది.

“నీకు ఎప్పుడు తెలిసింది?” అంది.

“సెమినార్‌కు ముందు రోజు.”

“ముందు రోజే తెలుసా?”

తలూపాను. క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“మా నాయన పోయేదాకా అడుగుతానే ఉన్నాడు, అసలు నువ్వు చేసిన తప్పేంది తల్లీ అని. చెప్పనీకి నాకే తెలీకపాయె.”

ఆయన పోయినట్టు నాకు తెలియదు.

“నాకు చెప్తే ఏమొస్తాది ఇప్పుడు? నా పేరు చెడింది వాళ్ళ ముందర. పోయి వాళ్ళకు చెప్పు.”

గంట కొట్టారు. ఆమె హాజరుపట్టీ తీసుకుని ఎనిమిదో తరగతికి వెళ్ళిపోయింది. నన్ను గేటు దాకా సాగనంపడానికి ఒక టీచరు వచ్చింది, భోంచేసి వెళ్ళండి మేడమ్ అంది. బస్టాండుకు ఎలా నడిచానో గుర్తులేదు.

ఉత్తరం రాశాను. మా సార్‌కు ఒకటి, ఆ రోజు లేచి అడిగిన పెద్దాయనకు ఒకటి. పూర్తి పేరుతో సంతకం పెట్టాను. నా పట్టా ఏమవుతుందో వాళ్ళు తేలుస్తారు, దాంతోపాటే నా ఉద్యోగం. తిరుపతమ్మకు వాట్సాప్‌లో కాపీ పంపాను. ఆమె చూసినట్టు ఫోనులో తెలిసింది, జవాబు ఇవ్వలేదు. ఇవ్వదు కూడా. ఎందుకివ్వాలి?

మొదటి వాక్యానికే నాకు నాలుగు రోజులు పట్టింది. తప్పు ఆమెది కాదు, నాది, ఆ సంగతి నాకు ముందు రోజే తెలుసు అని. అది రాశాక, ఎన్నాళ్ళకో, నాకు గట్టిగా ఆకలేసింది. ఆమె నాయన తెలుసుకోకుండానే పోయాడు, నాకేమో ఆకలి. సిగ్గేసింది. అయినా లేచి, అన్నం పెట్టుకుని తిన్నాను.