పేరు చెక్కిన తిరుగుడు బిళ్ళ

మొన్న మా బావగారి మనవడు ఏలూరులో గాలాల పెట్టె ఒకటి కొనుక్కొచ్చి, అందులోని సామానంతా వరండాలో నా మంచం మీదే పరిచేసి, "చిన్నమామ్మా, వీటిలో ఏది పట్టుకెళ్ళమంటావు?" అని వేళాకోళానికి అడిగాడు. ఉద్యోగం వచ్చి పెళ్ళీడు దాటుతున్నా వాడు నాతో పరాచికాలు మానలేదు. రబ్బరు చేపలూ రంగు ఈకలూ కలగాపులగంగా ఉన్న ఆ పోగులో, సన్నటి తీగ చుట్టూ గిర్రున తిరిగే వెండిరంగు రేకు ఒకటి కనబడేసరికి నా చెయ్యి దానంతట అదే అటు పోయింది. ఇవాళ నీళ్ళ రంగు ఎలా ఉందిరా అని అడిగాను. వాడు నవ్వు ఆపి నా మొహం వంక చూశాడు.

నా ఈడు వాళ్ళు ఎవరైనా మిగిలి ఇది చదువుతూ ఉంటే, పంతొమ్మిది వందల ముప్పైలలో కొల్లేరు ఎలా ఉండేదో వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పినా నమ్మరు. మా అత్తవారి ఊరు సరస్సు అంచునే ఉండేది. వానాకాలం పెరటి మెట్లు దిగితే తాటిదోనె ఎక్కడమే, వేసవిలో అవే మెట్లు దిగితే వరిచేను. మా బావగారు, అంటే మావారి అన్నగారు, ఏలూరులో కాలవల ఆఫీసులో పనిచేసేవారు. అక్కడి దొర ఒకాయన సీమకు వెళ్ళిపోతూ తన చేపల గెడా, దారం చుట్టే చక్రం, ఒక రేకుపెట్టెడు ఇలాంటి తిరుగుడు బిళ్ళలూ ఈయనకిచ్చి వెళ్ళాడు. వాళ్ళ దేశంలో చలికొండల ఏటి చేపలకి వేసేవట అవి. ఎర లేదు, వానపాము లేదు, ఉత్త రేకు తిప్పి చేపని పడతాడట అని ఊళ్ళో జాలర్లు కడుపుబ్బ నవ్వుకున్నారు గానీ, మొదటి సాయంత్రమే బావగారు చేయి పొడుగు వాలుగ చేపని మోసుకొచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

ఏ బిళ్ళ ఎప్పుడు వెయ్యాలన్నది ఆయనకి పెద్ద శాస్త్రం. కలక నీటికి ఇత్తడి, తేట నీటికి వెండి, పొద్దు వాలాక రాగి. కదలని నీటికి వెడల్పు రేకు, లాకుల దగ్గర జోరు నీటికి సన్నది. అన్నదమ్ములు భోజనాల దగ్గర గంటలకొద్దీ అదే చెప్పుకునేవారు. బావగారి ఎదుటికి రాకూడదు కనక నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని, నా విద్యంతా అలా తలుపుచాటున అబ్బినదే.

మావారు తాడేపల్లిగూడెం బియ్యం మిల్లులో గుమాస్తా. వారానికోసారి రైల్లో వచ్చి భీమడోలులో దిగి, సరస్సు గట్టు దాకా నడిచి, అక్కడ కట్టి ఉంచిన దోనె తానే తోసుకుంటూ ఇంటికొచ్చేవారు. మా కాపురం ఇంకా కొత్త. ఒక ముసురు సాయంత్రం ఆయన రాలేదు. మర్నాడు దోనె దొరికింది. అది తిరగబడలేదు. లోపల చుక్క నీరు లేదు. అంత వానలోనూ కండువా పొడిగా, మడత నలగకుండా, పీట మీద పెట్టి ఉంది. వలలు వేసి ఎంత గాలించినా మనిషి మాత్రం దొరకలేదు.

మా మామగారు ఏడాది తిరగకుండా కర్మ చేయించాలన్నారు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తే సరిపోతుందట. అత్తగారు ససేమిరా అన్నారు. నా కొడుకు పోయాడని ఎవరు చూశారండీ అని ఆవిడ అడ్డుపడేవారు. ఆ ఇద్దరి వాదం మీదే నా నుదుటి బొట్టు నిలబడి ఉంది. పొద్దున్నే అద్దం ముందు కుంకుమ పెట్టుకుంటూ ఇదే ఆఖరి రోజేమో అనుకునేదాన్ని.

నీళ్ళలో తప్పిన మనిషిని ఒడ్డున నిలబడి పేరుపెట్టి పిలవాలని, ఉంటే వస్తాడనీ లేకపోతే ఆనవాలు తేలుతుందనీ మా ఊళ్ళో అనేవారు. తల్లి పిలిచింది, అన్నగారు పిలిచారు, నీరు పలకలేదు. పెళ్ళాం పిలిస్తే పలుకుతాడన్నారు అందరూ. నేనెలా పిలుస్తాను? మొగుడి పేరు నోట పలికితే ఆయనకి ఆయుక్షీణమని పుట్టింట్లో ఉగ్గుపాలతో నేర్పారు. ఎక్కడో ఒకచోట ప్రాణాలతో ఉన్న మనిషిని నా నోటితోనే చంపుకోనా? నావల్ల కాదని కాళ్ళమీద పడి ఏడ్చాను. మా అత్తగారు నన్ను లేవదీసి, భోషాణంలోంచి ఆయన చిన్ననాటి వెండి ఉగ్గుగిన్నె తీశారు. అడుగున ఆయన పేరు చెక్కి ఉంది.

"నువ్వు అనక్కర్లేదమ్మా, ఇది అంటుంది" అన్నారు.

ఏలూరులో మా గిన్నెలకి కళాయి వేసే సాయిబు గారు ఆ గిన్నె అడుగుని పేరు చెడకుండా కోసి, అంచు రుద్ది, తిరుగుడు బిళ్ళగా చేసి ఇచ్చారు. కొక్కెం కూడా పెట్టమంటారా అని అడిగితే మా బావగారు బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి పెట్టమన్నారట. అది వరదనీరు, ఎర్రటి కలక, ఆయన శాస్త్రం ప్రకారం వెండి వెయ్యకూడదు, వేస్తే చేప రాదు. మాకు కావలసిందీ అదే.

సందెవేళ పెరటి మెట్ల మీద నేను గెడ పట్టుకునేదాన్ని. బావగారు అటు తిరిగి నిలబడి, నాతో సూటిగా అనకుండా, "అమ్మా, అమ్మాయిని కాస్త నెమ్మదిగా చుట్టమను" అని తల్లితో చెప్పేవారు. బిళ్ళ నీటి అడుగున తిరుగుతుంటే దాని జుమ్మనే అదురు దారం వెంట నా మణికట్టులోకి వచ్చేది. నేను ఎన్నడూ అనని పేరు నా చేతిలోంచే నీళ్ళలోకి పోతున్నట్టుండేది. అది తిరుగుతున్నంతసేపూ కప్పలు అరిచేవి కావు. కిక్కిస పొదలో పక్షి కదిలేది కాదు. భయం వేసేది, మానాలనిపించేది కాదు.

అలా వేస్తూండగా ఒక మునిమాపు దారం బిగిసింది. చేప పట్టుకుంటే గుంజులాట ఉంటుంది. ఇందులో అదేమీ లేదు, ఇలా ఇవ్వు చూసి ఇస్తానని ఎవరో చేతిలోంచి వస్తువు తీసుకున్నంత మెత్తగా లాగింది. నేను చుట్టలేదు, వదలనూ లేదు. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. తరవాత దారం వదులైంది. మా అత్తగారు దీపం దగ్గర పెట్టి, బిళ్ళని పమిటచెంగుతో తుడిచారు. పేరు లేదు. మధ్యాహ్నం నేను వేలితో తడిమిన అక్షరాలు ఒక్కటి కూడా లేకుండా, కొత్త రేకులా నున్నగా మెరుస్తోంది.

ఇసకా గుల్లలూ రాసుకుని అరిగి ఉంటుందన్నారు బావగారు, అంటూనే గెడ విప్పి పెట్టెలో పెట్టేశారు. ఆయన మరి ఎన్నడూ చేపలకి పోలేదు. మా అత్తగారు మాత్రం లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి నా నుదుట బొట్టు దిద్ది, "వాడి పేరు వాడు తీసుకున్నాడు. చచ్చినవాడికి పేరెందుకే?" అన్నారు. మామగారు మళ్ళీ కర్మ ఊసెత్తలేదు. అలా నేను మొగుడు లేని ముత్తయిదువనై మిగిలాను. పేరంటాల్లో నాకు పసుపు రాయాలో మానాలో తేల్చుకోలేక అమ్మలక్కలు పడిన అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఏడుపూ వస్తుంది.

ఇప్పుడా నీళ్ళేవి? ఎటు చూసినా చేపల చెరువుల గట్లు, గట్ల మీద లారీలు. మా పెరటి మెట్లు దిగితే సిమెంటు రోడ్డు. దోనె తోసుకుంటూ వచ్చే మనిషి ఏ దారిన రావాలి? ఇదంతా విని మావాడు ఆ వెండిరంగు రేకుని పెట్టెలో సర్దుతూ, "ఇంతకీ చిన్నతాతగారి పేరేమిటి చిన్నమామ్మా?" అని అడిగాడు. అప్పుడు తెలిసింది నాకు. తల్లీ తండ్రీ అన్నగారూ అందరూ పోయారు, ఆ పేరు ఎరిగిన ప్రాణిని నేనొక్కదాన్నే మిగిలాను, నాతో అదీ పోతుంది. చెప్పేద్దామనే నోరు తెరిచాను. పేరు పెదవుల దాకా వచ్చింది. నిన్నమొన్న పెట్టుకున్నట్టున్న బొట్టు చేత్తో తడుముకుని, వద్దులేరా, ఆయనకి ఆయుక్షీణం అన్నాను.