గట్టు లేని వాగు

లెక్కలు చెప్పడం నా ఉద్యోగం, యుద్ధాలు ఆడటం నా పిచ్చి. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద భోజనం చేసి రెండేళ్లయింది. దాని మీద ఎప్పుడూ ఏదో ఒక సరిహద్దు పరిచి ఉంటుంది. పుస్తకాల్లో దొరికిన చిన్న చిన్న పోరాటాలకు నియమాలు రాసి, పాచికలు వేసి, అలా కాకపోతే ఇంకెలా జరిగేదో చూడటం నా ఆట. అమలాపురంలో మా చుట్టాలందరూ దీన్ని పిల్లచేష్ట అంటారు. అననీ, నాకేం పోయింది?

ఈ ఆట మాత్రం ఒకావిడ అడిగి చేయించుకున్నారు. ముక్తేశ్వరంలో టీచరు. ఆవిడ నెలల పిల్లగా ఉన్నప్పుడు వాళ్ల నాన్న ఉత్తరాది సరిహద్దులో, కొండ మీది కాపలా చౌకీలో చనిపోయారు. చౌకీలో తొమ్మిదిమంది. కాల్పులు వినబడగానే కింది శిబిరం నుంచి పదిహేనుమంది సాయానికి బయల్దేరారు. చేరేసరికి చౌకీ పడిపోయింది, దాడి చేసినవాళ్లు వెనక్కి వెళ్లిపోయారు. ఆ పదిహేనుమందినీ నడిపించింది మా మేనమామ. ఆయన వేళకి వచ్చుంటే మీ నాన్న బతికేవాడని ఆవిడ తల్లి కడదాకా అంటూనే ఉన్నారట. మావయ్య ఏనాడూ జవాబు చెప్పలేదు. ఏడాదికోసారి రాజోలు నుంచి వెళ్లి, వాళ్ల అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేసేవారు.

"వేళకి రాగలిగేవారా, లేదా? అదొక్కటీ నాకు తెలియాలండీ" అన్నారావిడ.

మావయ్యకి ఫోన్ చేసి చెప్పాను. ఆట ఏ రోజని మాత్రం అడిగారు. తర్వాత "ఆయ్, వస్తాను" అన్నారు.

నాకు అప్పుడే భయం వేసి ఉండాల్సింది. ఎక్కడిది? కొత్త ఆట దొరికిందన్న సంబరంలో ఉన్నాను. పాత సైనిక పుస్తకంలో ఆ పోరాటం గురించి పేజీన్నర ఉంది, ఒక పటం ఉంది. జిరాక్సు తీయించాను. కొబ్బరికాయల మీద ఒలిచిన డొక్కలు పేర్చి, పైన గంజిలో ముంచిన కాగితాలు అతికించి కొండలు చేశాను. చింతపిక్కలు సైనికులు. మనవాళ్లకు ఆకుపచ్చ రంగు, దాడి చేసేవాళ్లకు నలుపు. ఒక్కో వంతు అంటే పావుగంట. పటంలో శిబిరం నుంచి చౌకీ దాకా వాగు ఒకటి నీలం గీతగా మెలికలు తిరుగుతూ పోతోంది. అక్కడ నీలం దారం అతికించి, దాని పక్కన నడిచేవాళ్లు వంతుకు రెట్టింపు దూరం పోవచ్చని రాసుకున్నాను. ఆ నియమం చూసుకుని నాకు నేనే మురిసిపోయాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆవిడ బస్సులో వచ్చారు. మావయ్య అప్పటికే ఇస్త్రీ చొక్కాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇద్దరూ నమస్కారాలు పెట్టుకున్నారు. కరెంటు లేదు. ముగ్గురికీ చెమటలు.

సాయానికి వెళ్లే పదిహేను పిక్కలూ ఆవిడవి, నల్లవి నావి. మావయ్య చూస్తానన్నారు. వంతు వంతుకూ నేను పాచిక వేయాలి. నాలుగు పడితే చౌకీలోని తొమ్మిది పిక్కల్లో ఒకటి పడిపోతుంది, ఐదు గానీ ఆరు గానీ పడితే రెండు. ఆవిడ నీలం దారం వెంట గబగబా నడిపించి ఏడో వంతుకల్లా చౌకీ చేరిపోయారు. అక్కడ ఇంకా నలుగురు మిగిలారు. రెండోసారీ ఏడో వంతే. మూడోసారీ అంతే.

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"ఇంత సులువాండీ, బాబాయి గారూ?"

మావయ్య బల్ల మీది నీలం దారాన్నే చూస్తున్నారు. నేనేమో సిగ్గు లేకుండా "పుస్తకంలో ఉన్నదే పెట్టానండీ" అని నా ఆటని వెనకేసుకొచ్చాను.

మావయ్య మెల్లగా ముందుకు వంగి దారం మీద వేలు పెట్టారు. "ఇదేంట్రా?"

"వాగండీ."

"దీని పక్కన ఈ పరుగేంటి?"

"గట్టు మీద నడకండీ."

"ఏ గట్టు?" అన్నారు. "కొండవాగుకి గట్టేంట్రా? లారీలంతేసి బండలు. అందులో దిగేమంటే పైనుంచి పిట్టల్ని కొట్టినట్టు కొడతారు. మేం కొండెక్కి, దిగి, మళ్లీ ఇంకోటి ఎక్కేం."

నా తల దిమ్మెక్కింది. పుట్టింది మొదలు నేను తిరిగింది కాలవగట్ల మీద. బడికి గట్టు, పొలానికి గట్టు, పెళ్లికి గట్టు. కాస్త ఎత్తు చూడాలంటే వంతెన ఎక్కాలి మాకు. నీళ్లుంటే పక్కన దారి ఉంటుందన్నది నాకు అనుమానించాల్సిన సంగతే కాదు. ఆ ధీమాతో ఒక మనిషి మీద తప్పుడు సాక్ష్యం తయారుచేసి, దానికి రంగులు కూడా వేశాను. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

నియమం కొట్టేశాను. మావయ్య చూపించిన దారిలో మళ్లీ ఆడాం. చౌకీ తొమ్మిదో వంతుకి పడిపోయింది. సాయం చేరేసరికి పన్నెండు. హమ్మయ్య అనుకున్నాను.

"ఇంకో వంతు కలుపు" అన్నారు మావయ్య.

"ఎందుకండీ?"

"రెండో కొండ ఎక్కేముందు కూర్చున్నాం. కుర్రాళ్లు రొప్పుతున్నారు. నేనే కూర్చోమన్నాను. పావుగంట." ఆయన ఆవిడ వైపు చూడలేదు. "అది పుస్తకంలో లేదు. ఎవరికీ చెప్పలేదు."

పదమూడు అని రాశాను. మళ్లీ ఆట. ఈసారి నా పాచిక మొండికేసింది. ఒకటి, రెండు, ఒకటి. తొమ్మిదో వంతుకి చౌకీలో ముగ్గురున్నారు. పదో వంతుకి ఇద్దరు. పదకొండో వంతుకి ఒక్క పిక్క మిగిలింది. మావయ్య నిందపాలు కాకూడదని, ఎదురుగా కూర్చున్న ఆవిడ తండ్రి త్వరగా పడిపోవాలని నేను లోలోపల మొక్కుకుంటున్నాను. పన్నెండో వంతు వేశాను. ఆరు.

కూర్చోకుండా వచ్చుంటే అప్పటికి అక్కడుండేవారు. ఆ లెక్క ముగ్గురికీ తెలుసు.

"మళ్లీ వెయ్యరా" అన్నారు మావయ్య. "వెయ్యి. ఇంకోసారి వెయ్యి."

నేను చేయి చాపేలోగా ఆవిడ పాచికని గుప్పిట్లోకి తీసుకున్నారు.

"చాలండీ, బాబాయి గారూ. మీరు ఎక్కుతుండగానే కాల్పులు ఆగిపోయేయి కదండీ?"

"ఆయ్."

"అంతా అయిపోయిందని తెలిసినా వచ్చేరు కదండీ. నాన్నని కిందకి ఎవరు తెచ్చేరండీ?"

"నేనేనమ్మా. భుజాన వేసుకున్నాను."

"దిగడానికి ఎన్ని వంతులు పట్టిందండీ?"

మావయ్య డొక్కల కొండల వైపు చూశారు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"లెక్కపెట్టలేదమ్మా" అన్నారు. "దిగేటప్పుడు మాత్రం ఎక్కడా కూర్చోలేదు."