మా మామ నేర్పిన అనాటమీ

ఆ రోజుల్లో నాకు ఏ సంగతైనా చేత్తో ముట్టుకుంటే తప్ప బుర్రకెక్కేది కాదు. (ఆ రోజులంటే మరీ పాతవేం కాదు, చేతిలో స్మార్ట్ ఫోను ఉండేది, టేకులపల్లి దాటి మా ఊరి అడవిలోకి రాగానే సిగ్నలే ఉండేది కాదు.) ఖమ్మంలో నర్సింగు మొదటి ఏడాది. అనాటమీ పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, అందులోని మనిషికి ఒళ్లంతా బాణం గుర్తులే. ఎవరో పాపం బాణాలేసి చంపారేమో అనిపించేది. సోమవారం వైవా. అది తప్పితే వార్డులోకి రానివ్వరు, ఏడాదంతా మళ్లీ చదవాలి. మా ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి పిల్లను నేనే. తప్పానని అమ్మకు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆదివారం ఇంటికి వెళ్తే మా మేనమామ వాకిట్లో మేకను కోస్తున్నాడు. పదిళ్లవాళ్లు కలిసి ఒక మేకను తెచ్చుకుంటే, కోసి టేకాకుల మీద పోగులు పెట్టేది ఆయనే. ప్రతి పోగులోనూ కార్జం ముక్క, గుండెకాయ ముక్క అన్నీ పడాలి, లేకపోతే గొడవే. అందుకని లోపల ఏది ఎక్కడుంటుందో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు. నేను నోట్సు పట్టుకుని పక్కనే చతికిలబడ్డాను.

"ఏందే, గిట్ల బుక్కు పట్టుకొని కూసున్నవ్?"

"పరీక్ష మామా. మనిషి లోపల ఏమేముంటయో చెప్పాలె."

"గదెంత పని! మేకైనా మనిషైనా లోపల గంతే" అని, గొంతు గొట్టం కడిగి నోట్లో పెట్టుకుని ఊదాడు. ఊపిరితిత్తులు గులాబీ రంగులో ఉబ్బాయి. నేను నోరు తెరిచేశాను. చేదుతిత్తి చూపించి "గిది పగిల్తే కూరంత ఖరాబ్" అన్నాడు. కడుపు కోసి నాలుగు గదులు చూపించాడు: తువ్వాలు లాంటిది ఒకటి, తేనెపట్టు లాంటిది ఒకటి, పేజీల్లా మడతలున్నది ఒకటి, నున్నటిది ఒకటి. అన్నీ రాసుకుని కింద గీత కూడా గీశాను.

వైవాలో మేడం ప్లాస్టిక్ బొమ్మలోని అవయవాలన్నీ బల్ల మీద పోసి సర్దమన్నారు. చకచకా సర్దేశాను. మేడం మెచ్చుకోలుగా చూసి, "జీర్ణాశయం గురించి చెప్పమ్మా" అన్నారు. నాలుగు గదులనీ, తువ్వాలనీ, తేనెపట్టనీ గడగడా అప్పజెప్పాను. మేడం కళ్లజోడు తీశారు.

"నువ్వు నెమరేస్తావామ్మా?"

బ్యాచంతా ఘొల్లుమంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎవరు చెప్పారని అడిగితే, "మా మామ మేడం, మేకను కోసి" అన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వి, "మేకకూ మనకూ తేడాలేంటో రేపు రాసుకురా, అప్పుడు మార్కులేస్తా" అన్నారు. ఆ సాయంత్రం ఆ బాణాల పుస్తకాన్ని మొదటిసారి ఇష్టంగా చదివాను. గట్టెక్కాను.

తర్వాతి వారం, మనిషి కడుపులో ఒక్కటే గది ఉంటుందని మామకు చెప్పాను. ఆయన కత్తి పక్కన పెట్టాడు.

"ఇన్నేండ్లు గన్ని మేకల కడుపులు సూసిన. నాది ఏడుంటదో నాకే ఎర్కలేదు. జర సూపియ్యవే."

ఆయన చెయ్యి పట్టుకుని ఎడమవైపు పక్కటెముకల కింద పెట్టాను. తర్వాత కుడివైపు, కార్జం దగ్గర. ఆయన కదలకుండా, లోపల ఎవరో పిలుస్తారన్నట్టు వింటూ కూర్చున్నాడు.

ఇప్పుడు దవాఖానాలో రోజూ ఎవరికో ఒకరికి అలాగే చెయ్యి పెట్టి చూపిస్తుంటాను. తెలిసిన సంగతైనా "డాక్టరుగారిని ఒకసారి అడగండి" అని నసుగుతాను. నాలుగు గదులని అంత గట్టిగా చెప్పిన ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది, ఆ ధీమా మీద కాస్త కుళ్లుగా కూడా ఉంటుంది.